బడి రాళ్ళ మీద ఆయిలు మరక

పిల్లలందరూ దిగిపోయాక డ్రైవరమ్మ ఇంజను ఆపి కిందికి దిగింది. ముందు చక్రాల మధ్య వంగి చూసింది. ఏం కనబడుతుందో చూడకముందే తెలుసు. రాతిపలకల మీద ఆయిలు పడుతోంది. చుక్క తర్వాత చుక్క, తొందరేమీ లేనట్టు.

ఆ పలకలు బడివాళ్ళు ఈమధ్యే పరిపించారు. అంతకుముందు ఆవరణంతా మట్టి. మట్టి ఉన్నన్నాళ్ళూ ఎవరి బండి ఎంత కార్చినా కడుపులో పెట్టుకుంది. రాయి అలా కాదు. దాచదు, మరిచిపోదు.

పెద్ద టీచరు వరండా మెట్లు దిగి వచ్చింది. చేతిలో ఇసుక డబ్బా ఉంది.

"మీ వెనకాలే వచ్చి ఇసుక చల్లడం నాకు అలవాటైపోయింది డ్రైవరమ్మా."

"మా తమ్ముడు పంపు సీలు మార్చాడు మేడమ్. ఆగిందనుకున్నాం."

"ఆగలేదుగా."

"ఆగలేదు."

పెద్ద టీచరు ఇసుక చల్లి డబ్బా కింద పెట్టింది. గొంతు పెంచే మనిషి కాదు. "నిన్న ఒక పిల్ల దీని మీద కాలు జారి పడింది. మోకాలు చెక్కుకుపోయింది, అంతే. రేపు ఎవరికైనా తల పగిలితే 'అంతే' అనలేను."

"కింద రేకు పెడతాను మేడమ్. చుక్క రాయి మీద పడదు."

"కింద రేకు పెట్టుకుని తిరిగే బండిలో పిల్లల్ని ఎక్కించమని వాళ్ళ అమ్మానాన్నలకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? అది స్టీరింగు ఆయిలని మీరే అన్నారు. అదంతా కారిపోయి మలుపులో స్టీరింగు బిగుసుకుంటే?"

బండి తీసిన ప్రతిసారీ డ్రైవరమ్మ తనకు తాను వేసుకుంటున్న ప్రశ్న అది.

"సోమవారం చూస్తాను. అప్పుడూ మరక పడితే వేరే బండి మాట్లాడుకుంటాం. ఏమీ అనుకోకండి."

"అనుకోవడానికేముంది మేడమ్. మీ పిల్లలు మీకు ముఖ్యం."

అనడానికి అలా అంది. బస్సెక్కి కూర్చున్నాక చాలాసేపు తాళం తిప్పలేదు. ఈ బండి పుట్టిన కంపెనీ ఈ రకం చేయడం మానేసి ఎంతకాలమైందో. ఇంత వయసు బండిని ఇంకో బడి తీసుకోదు. ఇక్కడ కాదంటే బస్సు పాత ఇనుము కొట్టుకి, తను ఇంటికి. వేరే కంపెనీ బండ్లు నడపవచ్చు గాని, ఈ స్టీరింగు తన తండ్రి చేతిలోంచి తన చేతిలోకి వచ్చింది. ఆయనకు చూపు మందగించిన ఏడు ఆయనే సీటు దిగి, "ఇక నువ్వు కూర్చో" అన్నాడు. ఇంట్లో ఎవరూ ఆ రోజు గురించి మాట్లాడరు.

అసలు కారడం మొదలైంది ఒక పైపుతో. స్టీరింగు తేలిగ్గా తిరగడానికి టాంకీలో ఆయిలుంటుంది. పంపు దాన్ని స్టీరింగు బాక్సులోకి తోస్తుంది. పని అయ్యాక ఆయిలు ఇంకో పైపు గుండా టాంకీలోకి తిరిగొస్తుంది. ఆ తిరిగొచ్చే పైపు పగిలింది. మెకానిక్కు ఆమె తమ్ముడే. ఊరి చివర అతని షెడ్డు. పైపు మార్చాడు, క్లిప్పులు మార్చాడు. మార్చి, అక్క ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పాడు.

"ఇకనుంచి ఎవరూ టాంకీ మూత ముట్టుకోవద్దు. మీరు పోస్తూ పోతే ఎంత కారిందో, ఎక్కడ కారిందో నాకెలా తెలుస్తుంది? శనివారం శనివారం నేనే చూసి పోస్తాను. విన్నారా?"

విన్నారు. తండ్రి తల ఊపాడు. డ్రైవరమ్మ భర్త తల ఊపాడు. ఆయనకు వీధిలో ఇస్త్రీ కొట్టు ఉంది, సాయంత్రాలు బస్సు కడిగేది ఆయనే. డ్రైవరమ్మ కూడా తల ఊపింది.

మర్నాడు పొద్దున ఇంజను స్టార్టు చేసి, ముందు రేకు తలుపెత్తి, టాంకీ మూత తీసి చూసింది. మూతకు అడుగున కొలత పుల్ల ఉంటుంది. ఆయిలు పుల్ల మీది గీతకు కిందే ఉంది. వెనక సీట్లలో పిల్లలు కూర్చుంటారు. తమ్ముడి మాట తమ్ముడిది, తన భయం తనది. సీసాతో గీతదాకా పోసి, సీసాను సీటు వెనక గుడ్డల కింద పెట్టింది. ఆ తర్వాత రోజూ అంతే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మరక ఆగలేదు. తమ్ముడు పంపు సీలు మార్చాడు. అయినా ఆగలేదు.

శనివారం బస్సు షెడ్డులోకి ఎక్కింది. తండ్రి వచ్చాడు, భర్త వచ్చాడు. తమ్ముడు ముందు భాగమంతా కిరసనాయిలుతో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టి, టాంకీలో గీతదాకా ఆయిలు పోశాడు. తర్వాత జేబులోంచి ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తీశాడు.

"పెళ్ళిచూపులా బావమరిదీ?" అన్నాడు డ్రైవరమ్మ భర్త.

"నీకు కాదులే బావా. నీకెంత పూసినా ఇంతే. ఇది బండికి." పైపుల మీదా, పంపు మీదా, బాక్సు మీదా పౌడరు చల్లాడు. "ఎక్కడ తడి ఊరితే అక్కడ తెల్లదనం పోతుంది. దొంగ అడుగుల్లాగా కనబడుతుంది. అక్కా, స్టార్టు చెయ్యి. ఆ కొసనుంచి ఈ కొసకి తిప్పు. కొసకు పోయాక పట్టి ఉంచకు, పంపుకి దమ్ము ఆగిపోతుంది."

ఆమె తిప్పింది. కుడికి, ఎడమకి, మళ్ళీ కుడికి. తమ్ముడు కింద వెల్లకిలా పడుకుని, ఒక చేతిలో లైటు, ఇంకో చేతిలో అద్దం ముక్క పట్టుకుని అన్నీ చూశాడు. ఇంజను వేడెక్కింది. షెడ్డు వేడెక్కింది. పౌడరు మాత్రం చల్లినట్టే ఉంది.

తమ్ముడు బయటికి పాకి వచ్చి ఇంజను ఆపించాడు. మళ్ళీ చూశాడు. చుక్క లేదు.

"దీని సిగ్గు తరగ! నా దగ్గరుంటే నోట్లో వేలు పెట్టినా కొరకనట్టు ఉంటుంది. బడికి వెళ్ళగానే మొదలెడుతుంది."

"నీకు భయపడుతోందిరా," అన్నాడు తండ్రి.

"నవ్వకు నాన్నా. పైపు కాదు, క్లిప్పు కాదు, పంపు కాదు. మిగిలింది బాక్సు. బడిలో చుక్క పడేది కూడా బాక్సు కింది బోల్టు దగ్గరనుంచే. పై సీలు పోయి ఉంటుంది. రేపు విప్పేద్దాం."

"విప్పితే?" అంది డ్రైవరమ్మ.

తమ్ముడు చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి అవసరమైనదానికంటే ఎక్కువసేపు పట్టింది. "ఈ రకం సీళ్ళు ఇప్పుడు దొరకవక్కా. వేరే బండివి తెచ్చి కోసి పెట్టాలి. పట్టవచ్చు, పట్టకపోవచ్చు. పట్టకపోతే ఉన్నది కూడా పోతుంది. అబద్ధం చెప్పను, ఒకసారి తెరిచిన పాత బాక్సు మళ్ళీ పాతలా మూసుకోవడం నేను చూడలేదు."

బయట ఎవరో సైకిలుకు గాలి కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది.

డ్రైవరమ్మ బస్సు ముందు నిలబడి పౌడరు పూసుకున్న ఇనుమును చూసింది. ఇక్కడ ఎంత తిప్పినా కారనిది, బడి దగ్గర రోజూ కారుతోంది. ఇక్కడలేనిది అక్కడేముంది? దారి ఉంది, ఆగడాలున్నాయి, తన చేయి ఉంది.

"రేపు పొద్దున విప్పకు," అంది. "ఇప్పుడు ఇంటికి తీసుకెళ్తాను. పొద్దున రోజూ బయల్దేరినట్టే బయల్దేరతాను. రోజూ తిరిగే దారిలో, రోజూ ఆగేచోట్ల ఆగుతూ బడిదాకా వెళ్తాను. నువ్వు నాతో రా. అక్కడ చూసి, అప్పటికీ బాక్సేనంటే నువ్వు చెప్పినట్టే విప్పుదాం."

"ఖాళీ బండిని తిప్పడం దేనికక్కా?"

"డాక్టరు దగ్గరికి రాగానే నొప్పి పోతుంటే, డాక్టరే ఇంటికొచ్చి చూడాలి."

తమ్ముడు ఒప్పుకున్నాడు. పౌడరు మాత్రం తుడవనివ్వలేదు.

ఆదివారం పొద్దున ఆమె బయటికి వచ్చేసరికి తండ్రి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ఆయన రోజూ ఆమెకంటే ముందే లేచి బస్సు చుట్టూ తిరిగి, టైర్లను కర్రతో కొట్టి వినేవాడు. అందుకని ఆమె ఏమీ అనుకోలేదు. ఇంజను స్టార్టు చేసింది. తమ్ముడు ఇంకా రాలేదు. తండ్రి వెనక టైరు దగ్గరికి వెళ్ళేదాకా ఆగి, ముందు రేకెత్తి మూత తీసి చూసింది. గీతకు కిందే ఉంది. నిన్న తమ్ముడు తన కళ్ళముందే గీతదాకా పోశాడు. రాత్రికి రాత్రి ఇంత కారిందా అనుకుంది. సీసా తీసి పోసింది, పౌడరు మీద పడకుండా.

తమ్ముడు వచ్చి, రేకెత్తి వంగి పౌడరు చూసి, "ఇంకా ఏమీ లేదు," అని ఎక్కాడు. భర్త కొట్టు తెరవకుండా వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. తండ్రి, పిలవకపోయినా, మెట్టెక్కి తలుపు పక్క సీటులో కూర్చున్నాడు. బస్సు బయల్దేరింది.

ప్రతి స్టాపులోనూ ఆగింది. ఇంజను ఆపకుండా, పిల్లలెక్కడానికి పట్టేంతసేపు ఆగి కదిలింది. ఒక స్టాపులో తమ్ముడు దిగి మళ్ళీ ఎక్కాడు.

"హోంవర్కు చేశావా?" అన్నాడు భర్త వెనకనుంచి.

"మా బావ చించేశాడు టీచర్."

తండ్రి నవ్వాడు. డ్రైవరమ్మ నవ్వలేదు. ఆమె ధ్యాసంతా అరచేతుల్లో ఉంది. స్టీరింగు చక్రం మామూలుగానే తిరుగుతోంది. మిల్లు పక్క మలుపులో కొద్దిగా మూలిగింది. ఆ మూలుగు ఆమెకు కొత్త కాదు.

ఆదివారం కావడంతో బడి గేటు మూసి ఉంది. గేటు ముందు రోడ్డు పక్కన ఆపింది.

"ఇంజను ఆపేటప్పుడు చెప్పు," అని తమ్ముడు ముందే దిగి రేకెత్తి నిలబడ్డాడు.

"ఆపుతున్నా!"

ఆపి దిగి వచ్చింది. వెనకే తండ్రీ భర్తా దిగారు. మొదట ఏమీ లేదు. తర్వాత టాంకీలోంచి గరగరమని శబ్దం వచ్చింది, గొంతులో నీళ్ళు పోసుకుని పుక్కిలించినట్టు. మూత మీద గాలికోసం పెట్టిన కన్నం లోంచి నురగ వచ్చింది. నురగ వెనక ఆయిలు వచ్చింది. అది టాంకీ అంచు దిగి, పైపు వెనకనుంచి పౌడరు మీద గీత గీసుకుంటూ బాక్సు మీదికి పాకి, బాక్సు చుట్టూ తిరిగి, కింది బోల్టు కొసకు చేరింది. అక్కడ ఒక్క క్షణం వేలాడి రోడ్డు మీద పడింది.

తమ్ముడు నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "బాక్సు కాదు. బాక్సుకేమీ కాలేదు. ఇది పొంగుతోంది. పాలు పొంగినట్టు పొంగుతోంది." తలెత్తాడు. "నిన్న నేను గీతదాకానే పోశాను. ఇది గొంతుదాకా ఉంది. ఎవరు పోశారు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, డ్రైవరమ్మ భర్త అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"బావా?"

"ఒక్క గుక్క పోశానురా. నిన్న సాయంత్రం, అద్దాలు కడిగాక."

"నిన్న ఒక్కరోజేనా?"

"రోజూ. కాని ఒక్క గుక్కే. మీ అక్క నడిపే బండి ఆయిలు లేక ఆగిపోతే ఎలా అని..."

"చూసి పోశావా?"

"గుక్కేగా, చూడడం దేనికి?"

తండ్రి దగ్గాడు. "నేను కూడా పోశానురా. పొద్దున. బండి చల్లగా ఉన్నప్పుడు చూస్తే గీతకి కాస్త తక్కువుంటే పోస్తాను. గీతదాకానే. పైన పిల్లల పేరు చెప్పి ఒక చుక్క."

"ముట్టుకోవద్దన్నానా లేదా నాన్నా?"

"అన్నావు."

"తల ఊపావా లేదా?"

"ఊపాను. తల ఊపడానికేముందిరా, గంగిరెద్దు కూడా ఊపుతుంది."

తమ్ముడు అక్కవైపు తిరిగాడు. "చూశావా అక్కా వీళ్ళ నిర్వాకం! పైపు మార్పించారు, సీలు మార్పించారు, ఇవాళ బాక్సు కోయించబోయారు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచనంటారు. ఇక్కడ మంది ఎక్కువై ఆయిలు పొర్లింది!"

ఊరుకుంటే సరిపోయేది. మామా అల్లుళ్ళు ఇద్దరూ తప్పు నెత్తిన వేసుకున్నారు, మూడోవాళ్ళ కోసం తమ్ముడు వెతకడం లేదు. డ్రైవరమ్మ బస్సెక్కి, సీటు వెనకనుంచి సీసా తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది.

"నేను కూడా."

"నువ్వా?"

"రోజూ. ఇంజను స్టార్టు చేసి చూస్తాను. గీతకి కిందుంటుంది. పోస్తాను."

తమ్ముడు సీసావైపు చూసి, అక్కవైపు చూసి, బస్సు మెట్టు మీద కూలబడి నవ్వాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. "వాళ్ళిద్దరి గుక్కలూ చుక్కలూ ఒక లెక్క కాదక్కా. అసలు పోత నీదే. ఈ బండికి ఇంజను తిరుగుతున్నప్పుడు ఆయిలు పైపుల్లోకి పోతుంది, టాంకీలో దిగుతుంది. ఆపగానే తిరిగొచ్చి పైకి లేస్తుంది. ఇంజను ఆపి చూడాలి. తిరుగుతుండగా చూసి గీతదాకా పోస్తే, ఆపినప్పుడు అది ఎక్కడికి పోవాలి?"

"ఇక్కడికి," అన్నాడు భర్త, రోడ్డు మీది చుక్కలను చూపించి.

"మరి బండి చల్లగా ఉన్నప్పుడు నాన్న చూసినా తక్కువెందుకు ఉంటుంది?" అంది డ్రైవరమ్మ.

"నిండుగా ఉంటే లోపల చిలుకుడుకి నురగ కడుతుంది. మలుపులో ఆ మూలుగు కూడా నురగదే. నురగ ఊరికే పోదు, ఎక్కువైనదానితోపాటు ఉండాల్సింది కూడా పట్టుకుపోతుంది. సాయంత్రానికి తగ్గుతుంది. చూడకుండా బావ పోస్తాడు, తగ్గిందని నాన్న పోస్తాడు, నువ్వు పోస్తావు. పొద్దున బడిలో పొంగుతుంది. నా షెడ్డులో మీరెవరూ పోయరు, అందుకే అక్కడ పొంగలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాం."

సూది లేని సిరంజితో టాంకీలోంచి ఎక్కువైన ఆయిలు తోడి సీసాలోకి మార్చాడు. ఇంజను స్టార్టు చేయించి చూపించాడు, ఆపించి చూపించాడు. ఆపాక నురగ దిగేదాకా నిలబడ్డారు. పుల్ల మీద ఆయిలు గీత దగ్గరే నిలిచింది.

"ఇకనుంచి ఒక్కళ్ళే పోయాలి," అన్నాడు తమ్ముడు. "ఆ ఒక్కళ్ళెవరో ఇక్కడే తేల్చండి. నేను పోయాక మళ్ళీ ముగ్గురూ పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు తాగిస్తారు దీనికి."

"నా గుక్క మానేశాను," అన్నాడు భర్త వెంటనే.

తండ్రి తలుపు పక్క సీటు కింద చేయి పెట్టి తన ఆయిలు డబ్బా తీశాడు. దాన్ని కూతురి ముందు పెట్టాడు. "నడిపేది అమ్మాయి. తనే చూసుకోవాలి," అన్నాడు, గేటువైపు చూస్తూ.

డ్రైవరమ్మ డబ్బా తీసుకోలేదు. ఆయన డబ్బా పెట్టిన తీరు చూసింది. సీటు దిగిన రోజు తాళాలు కూడా ఇలాగే పెట్టాడు, ఎటో చూస్తూ. పొద్దున లేచి టైర్లు కొట్టడం, ఈ పోయడం, ఇవి రెండే ఆయనకు బస్సులో మిగిలిన పనులు. కాని ఆమె చెప్పిన కారణం అది కాదు, చెప్పింది అబద్ధమూ కాదు.

"నాన్న చూసేదే సరైన పద్ధతి. ఇంజను ఆగి, బండి చల్లగా ఉన్నప్పుడు. నాకు స్టార్టు చేసి చూసే అలవాటు చేతిలోకి దిగిపోయింది, ఏదో ఒకరోజు మరిచిపోయి పోసేస్తాను. నాన్నే పోస్తాడు. నేను చూస్తాను, పొయ్యను."

"ఆయనకి గీత కనబడుతుందా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"నేనిక్కడే ఉన్నానురా," అన్నాడు తండ్రి. "గీత దగ్గర పుల్లకి నొక్కుంది. గోటికి తగులుతుంది. తడి దానికి పైనుందో కిందుందో వేలికి తెలుస్తుంది. దానికి కళ్ళెందుకు?"

తమ్ముడు పుల్ల మీద గోరు పెట్టి చూశాడు. తగిలింది. "సరే. కాని పిల్లల పేరు చెప్పి పైన చుక్క వద్దు."

"వద్దులే."

"తల ఊపొద్దు. నోటితో చెప్పు."

"పొయ్యనురా తండ్రీ!"

సోమవారం పొద్దున ఆమె బయటికి వచ్చేసరికి తండ్రి బస్సు మెట్టు మీద కూర్చుని గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆమె తాళం తిప్పబోయి ఆగి, దిగి, రేకెత్తి మూత తీసింది.

"నమ్మకం లేదా?" అన్నాడాయన.

"చూస్తానన్నానుగా."

"చూడు మరి."

ఆయిలు నొక్కు దగ్గరే ఉంది. ఎక్కువా లేదు, తక్కువా లేదు. మూత బిగించింది. ఇంజను స్టార్టు చేశాక ఆ మూతవైపు మనసు లాగింది. ఇప్పుడు తీస్తే కిందుంటుందని తెలుసు. ఉండాలని కూడా తెలుసు. తెలిసినా చేయి ఊరుకోలేదు. చేతికి స్టీరింగు అప్పజెప్పి బయల్దేరింది.

పిల్లలెక్కారు. ఒకడు సీటు కోసం తగువు పెట్టుకున్నాడు, ఇంకొకతె సంచి మరిచిపోయి వెనక్కి పరిగెత్తింది. మిల్లు పక్క మలుపులో ఆమె చెవులు రిక్కించి తిప్పింది. చక్రం మూలగలేదు.

బడి ఆవరణలో, ఎప్పుడూ ఆగే పలకల మీదే ఆపింది. పిల్లలు దిగారు. ఇంజను ఆపింది. పెద్ద టీచరు వరండా దిగి వస్తోంది, ఇసుక డబ్బాతో.

ఇద్దరూ బస్సు ముందు నిలబడ్డారు. పొంగితే ఈపాటికి పొంగాలి. డ్రైవరమ్మ మాట్లాడకుండా ఆగింది. పెద్ద టీచరు కూడా ఆగింది. గంట కొట్టారు. పిల్లలు వరసల్లోకి పోయారు.

పెద్ద టీచరు చీర కుచ్చిళ్ళు పట్టుకుని వంగి, బాక్సు కింద రాయి మీద అరచెయ్యి పెట్టి రాసింది. చెయ్యి తిప్పి చూసుకుంది. దుమ్ము అంటింది.

"ఏం మార్చారు?"

"ఏమీ మార్చలేదు మేడమ్. ముగ్గురం పోసేవాళ్ళం, ఒక్కరే పోస్తున్నారు."

పెద్ద టీచరు అర్థమైనట్టూ కానట్టూ చూసింది. డబ్బా ఎత్తుకుంది. "రేపు కూడా చూస్తాను."

"చూడండి మేడమ్," అంది డ్రైవరమ్మ. "నేను కూడా చూస్తాను."

బస్సెక్కి వెనక్కి తీసింది. గేటు దగ్గర ఇరుకు, చక్రాన్ని ఒక కొసదాకా తిప్పితేగాని బండి బయటికి రాదు. తిప్పింది. కొసకు చేరగానే పట్టి ఉంచకుండా వదిలింది. చక్రం దానంతటదే వెనక్కి తిరిగింది, ఆమె వేళ్ళ మధ్యగా.